ఎర్రగళ్ల తువ్వాలు

ఒంటి మీది మచ్చను ఫోటో తీయడంలో ఏముంది, ఫోన్ ఎత్తి నొక్కితే చాలదా అని అడిగింది మొన్న ఈ పనిలో చేరిన ఒక అమ్మాయి. ఒకప్పుడు నేనూ అలాగే అనుకున్నాను. దానివల్ల రెండేళ్ల పని ఎలా పాడైందో, ఒక ఆడమనిషి చెయ్యి ఎంతలో పాడవకుండా తప్పించుకుందో మీలాంటి పిల్లలు తెలుసుకోవాలని ఇది రాస్తున్నాను. తప్పు ఎవరిదని మీరు చివరిదాకా వెతకనక్కరలేదు. నాదే.

నేను ఆదోనిలో ఒక ధర్మాసుపత్రిలో ఆయాగా చేరాను. కుష్టు రోగుల కాళ్ల పుండ్లు కడిగి కట్లు కట్టడం నా పని. చిన్నప్పటి నుంచి పత్తి చేలల్లో కూలికి తిరిగినదాన్ని, బడి ముఖం చూడలేదు. నలభై దాటాక ఆసుపత్రి వెనక గదిలో సాయంత్రాలు పెద్దవాళ్లకు చదువు చెప్పే టీచరమ్మ దగ్గర కూర్చున్నాను. మొదటి పుస్తకంలో ప్రతి మాట పక్కనా ఒక బొమ్మ ఉండేది. పలక, వల, గంప. వారం తిరక్కుండానే గడగడా చదివేశాను. టీచరమ్మ మొదట సంతోషపడింది. తర్వాత ఏం అనుమానం వచ్చిందో, బొమ్మల మీద అరచెయ్యి అడ్డం పెట్టి, "ఇప్పుడు చదువు" అంది.

ఒక్క మాటా చదవలేకపోయాను. నేను అన్నాళ్లూ చదివింది అక్షరాలను కాదు, బొమ్మలను.

"దొంగవే నువ్వు" అని ఆమె నవ్వింది.

"దొంగతనం కాదు టీచరమ్మా, నాకు నిజ్జంగా సదువు వచ్చేసినాదనుకుంటి" అన్నాను.

అక్షరాలు అసలుగా పట్టుబడడానికి ఇంకో ఏడాది పట్టింది. చదవడం రాయడం వచ్చాక నన్ను ఊళ్ల పనికి మార్చారు. మా పారామెడికల్ సార్ వెంట జీపులో ఊరూరా తిరగడం, పేర్లు రాసుకోవడం, కాగితాలు చదివి వినిపించడం. సార్ నాకంటే రెండు మూడేళ్లు పెద్ద. వేళ్లతోనే రోగాన్ని పట్టేవాడు. "మచ్చను సూసి ఏమీ సెప్పొద్దమ్మా. తామర ఉంటాది, శోభి ఉంటాది, పుట్టుమచ్చ ఉంటాది. తాకి సూడు. మోచెయ్యి కాడ నరం పట్టి సూడు. ఆ తర్వాత మాట్లాడు" అనేవాడు. మనిషిని కళ్లు మూసుకోమని, పెన్ను మూతతో మచ్చ మీద మెల్లగా తాకి, ఎక్కడ తాకానో వేలు పెట్టి చూపించమనేవాడు. స్పర్శ లేని మచ్చ అయితే ఆ వేలు గాలిలోనే నిలబడిపోతుంది. ఆ పరీక్ష నాకూ నేర్పాడు.

నేను ఉద్యోగం దిగిపోవడానికి మూడేళ్ల ముందు నగరం నుంచి ఒక ఇంజనీరమ్మాయి వచ్చింది. ఊళ్లలో జనం ఆమెను పాప అనేవాళ్లు. ఆమె నన్ను ఆంటీ అనేది. తను తయారుచేస్తున్న యంత్రానికి మచ్చల ఫోటోలు వేలకొద్దీ చూపించి, ఇది జబ్బు, ఇది జబ్బు కాదు అని చెప్తూపోతే, అది తనంతట తానే తేడా నేర్చుకుంటుందట. తర్వాత డాక్టరు అడుగుపెట్టని ఊళ్లో కూడా ఫోన్‌తో ఒక ఫోటో తీస్తే జబ్బు ఉందో లేదో అనుమానం చెప్పేస్తుందట. సార్‌కు అంత నమ్మకం కుదరలేదు. నాకు మాత్రం ముచ్చటేసింది. నాలాంటిదే ఇంకొకటి చదువుకోబోతోంది అనుకున్నాను.

పని ఇలా జరిగేది. బడి గదిలో తెర కట్టుకుని సార్ ముందు పరీక్ష చేసి, చీటీ రాసి మనిషిని నా దగ్గరికి పంపేవాడు. నేను వరండాలో కూర్చుని, ఫోటో ఎందుకో, ముఖం పడదని, ఇష్టం లేకపోతే వద్దనవచ్చని కాగితం చదివి వినిపించి, సంతకమో వేలిముద్రో తీసుకునేదాన్ని. ఆసుపత్రి ఇచ్చిన నీలం గుడ్డ పరిచి, దాని మీద చెయ్యో కాలో పెట్టించి మూడు ఫోటోలు తీసేదాన్ని. దగ్గరగా ఒకటి, దూరంగా ఒకటి, పక్కనుంచి ఒకటి. ఆ ఫోటోలు, చీటీలు ఇంజనీరమ్మాయికి చేరేవి. చీటీలో సార్ రాసినదాన్ని మా ఆసుపత్రి డాక్టరమ్మ మళ్లీ చూసి ఖాయం చేసేది.

నెల రోజులు బాగానే నడిచింది. ఆస్పరి వైపు ఒక ఊళ్లో చిక్కొచ్చింది. ఒక పెద్దాయన ఫోటో తీయించుకుని వెళ్లాడు. ఆయనకు జబ్బు ఉంది. ఆయన వెనకే పిక్క మీద తామర ఉన్న ఒకామె వచ్చింది. గుడ్డ చూసి ఆగిపోయింది.

"ఆ గుడ్డ మింద నేను కాలు పెట్టను."

"ఏం తల్లీ?"

"ఇప్పుడు పోయిన ఆయప్పకు పెద్దరోగమంట కదా. ఊరంతా ఎరికే, నీకు తెల్దా?"

"గుడ్డకు అంటేది కాదమ్మా అది. ఇన్నేండ్లు వాళ్ల పుండ్లు కడిగినా. నాకేమైనా అయిందా సూడు."

"నీకు కాలేదంటే నీ అదృష్టం. నా కాలు నా ఇష్టం."

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. ఆమెతో పాటు వరసలో ఉన్నవాళ్లంతా లేచి వెళ్లిపోయారు. ఆ రోజు మధ్యాహ్నం దాకా వరండాలో నేనూ, నీలం గుడ్డా మిగిలాం.

మరుసటి రోజు పొద్దున ఇంట్లో దండెం మీదున్న ఎర్రగళ్ల తువ్వాలు సంచిలో వేసుకున్నాను. ఎమ్మిగనూరు మగ్గం మీద నేసింది. మెత్తగా ఉంటుంది, ఎన్ని ఉతుకులైనా రంగు పోదు. జబ్బు ఉందని సార్ చీటీ రాసినవాళ్లకు ఆ తువ్వాలు పరిచాను. మిగతావాళ్లకు నీలం గుడ్డ. "ఇది మీకోసమేనమ్మా, వాళ్లకు వేరే ఉండాది" అని ఒక్క మాట చెప్తే చాలు, ఎవరూ లేవలేదు. పని చకచకా సాగింది. మంచి తువ్వాలు జబ్బు ఉన్నవాళ్లకే ఇస్తున్నానుగదా, అది మర్యాదే కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నా చిన్నతనంలో మా పేటవాళ్లకు టీ అంగట్లో గోడ మీద వేరే గ్లాసులు బోర్లించి ఉండేవి. తాగి, కడిగి, మళ్లీ అక్కడే బోర్లించి వచ్చినదాన్ని నేను. అయినా ఆ రెండేళ్లలో అది ఒక్కసారి కూడా గుర్తురాలేదు. సార్ తెర లోపల ఉండేవాడు, ఆయనకు తెలియదు. నేను చెప్పలేదు.

ఆదోని, ఎమ్మిగనూరు చుట్టుపక్కల తిరగని ఊరు లేదు. చివరికి యంత్రం నేర్చుకుందన్నారు. నగరంలో, మేము తీసిన ఫోటోల్లోనే కొన్ని పక్కన పెట్టి చూపిస్తే దాదాపు అన్నీ సరిగ్గా చెప్పిందట. ఇంజనీరమ్మాయి ఫోన్ చేసి, "ఆంటీ, మీ ఫోటోలు చాలా బాగొచ్చాయి" అంది. ఆ మాట ఇంట్లో నలుగురికి చెప్పుకున్నాను.

ఇక దాన్ని ఊళ్లో పరీక్షించే రోజు వచ్చింది. పెద్దకడుబూరు మండలంలో ఒక ఊరు, పత్తి ఏరే కాలం. పంచాయతీ ఆఫీసు ముందు షామియానా వేశారు. నగరం నుంచి ఇద్దరు పెద్దమనుషులు వచ్చారు. వాళ్లు సరేనంటే ఆ యంత్రాన్ని చాలా ఊళ్లకు పంపుతారట. ఆసుపత్రి ఆఫీసు కొత్త నీలం గుడ్డలు కత్తిరించి పంపింది. ఆ రోజు సార్ ముందుగా పరీక్ష చేయకూడదు, చీటీ రాయకూడదు. యంత్రం ఒక్కటే చెప్పాలి. డాక్టరమ్మ మరో రోజు వచ్చి అందరినీ చూసి సరిపోల్చుకుంటుంది.

"ఈ పొద్దు మిషన్‌కు పరీక్షమ్మా, మనకు కాదు. చేతులు కట్టుకొని కూచుందాం" అన్నాడు సార్, పెద్దమనుషుల పక్కన కుర్చీలో కూర్చుంటూ.

ఎవరికి జబ్బు ఉందో ముందుగా తెలియదు కాబట్టి అందరికీ నీలం గుడ్డే పరిచాను. తువ్వాలు సంచిలోనే ఉండిపోయింది. ఫోటో తీయగానే ఫోన్ మీద పచ్చ రంగు వస్తే లేదని, ఎరుపు వస్తే అనుమానమని. పొద్దున్నుంచీ పచ్చే. వచ్చినవాళ్లందరికీ "లేదు" అని కాగితం మీద రాసి, ఆసుపత్రి ముద్ర వేసి ఇస్తున్నాను. పెద్దమనుషులు సంతోషంగా ఉన్నారు. ఇంజనీరమ్మాయి మాత్రం గోళ్లు కొరుక్కుంటోంది.

పది గంటలప్పుడు ఒకామె అత్తతో కలిసి వచ్చింది. ముప్పై ఏళ్లుంటాయి. కుడి ముంజేతి మీద అరచేయంత మచ్చ, చుట్టుపక్కల చర్మం కంటే తెల్లబారి, పొడిగా ఉంది. పత్తికాయ ముళ్లు గీసుకున్న గీతలు దాని నిండా ఉన్నాయి. ఫోటో తీశాను. పచ్చ.

"లేదంటనా అక్కా?"

"లేదంట."

"కాగితం మింద పెద్దగా రాసియ్యి. మా యత్తకు ఇయ్యల్ల. మూడు నెలలాయె నా పళ్లెం ఏరే పెట్టి. దానికి గుర్తు ఉండాలని గోర్ల రంగుతో ఎర్రసుక్క గూడా పెట్టినారు. వంటకాడికి రానియ్యరు. బయట నీళ్ల పొయ్యి కాడ ఉంటా."

వాళ్ల అత్త కొంచెం దూరంలో కొంగు అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. నేను రాసి ఇచ్చాను. కాగితం అందుకోవడానికి ఆమె చెయ్యి చాచింది. చిటికెన వేలి కింద, అరచేతి అంచున బొబ్బ, రూపాయి బిళ్లంత.

"ఇదేందమ్మా?"

"నీళ్లకాగు తగిలింటాది."

"మంట లేదా?"

"తెలియనే తెలీల్యా అక్కా. పొద్దున మా యత్త సూసి సెప్పింది."

కాగితాన్ని వదల్లేదు నేను, ఆమె ఒక కొస పట్టుకుంది, నేనొక కొస. రెండో చేత్తో ఆమె మోచేతి వెనక తడిమాను. నరం జనపతాడులా లావుగా తగిలింది. పక్కకు తీసుకెళ్లి కళ్లు మూసుకోమన్నాను. కొంగు కొస మెలిపెట్టి మచ్చ మీద తాకాను. ఇంకోచోట తాకాను. మరోచోట.

"ఇంకా తాకలేదా అక్కా?" అంది కళ్లు మూసుకునే.

అప్పటికి నాలుగుసార్లు తాకాను.

"కాగితం ఇయ్యక్కా, పోతా. లేదని పడింది కదా" అంది కళ్లు తెరిచి. ఆ కాగితం ఇస్తే ఆమె ఆ మధ్యాహ్నమే తన పళ్లెం మిగతావాటిలో కలుపుకుంటుంది. ఇంకో ఏడాదికి ఆ పళ్లెం పట్టుకోవడానికి వేళ్లు వంగిపోయి ఉంటాయి. వంకర తిరిగిన వేళ్లు నేను ఎన్ని కడిగానో నాకే లెక్క లేదు. "లేదు" అని రాసింది నా చెయ్యే. అంత కష్టపడి నేర్చుకున్న అక్షరాలు.

"ఒక్క నిమిషం కూచో తల్లీ" అని ఇంజనీరమ్మాయి దగ్గరికి వెళ్లాను. "ఈమెది ఇంకోసారి తీద్దాం."

తీశాం. పచ్చ. వెలుతురులోకి తీసుకెళ్లి తీశాం. పచ్చ.

"ఆంటీ, పొద్దున్నుంచి ఎవరి మీదా ఎరుపు రాలేదు. నాకు భయంగా ఉంది" అని ఆ అమ్మాయి గొంతు తగ్గించి అంది. "అదే ఫోన్. అదే మీ చెయ్యి. అప్పటికీ ఇప్పటికీ ఏం మారింది?"

నేను గుడ్డ వైపు చూశాను. కొత్త నీలం గుడ్డ. అప్పుడు గుర్తొచ్చింది టీచరమ్మ అరచెయ్యి. పుస్తకంలో బొమ్మ మీద అడ్డంగా పెట్టిన ఆ చెయ్యి.

నోరు మూసుకుని ఉండవచ్చు. అది కూడా చెప్పాలి మీకు. సార్‌కు చాటుగా చెప్పి ఈమెకు మందులు ఇప్పించి, మిగతాది ఇంజనీర్ల గోల అని వదిలేయవచ్చు. ఆ క్షణంలో అలా చేద్దామనే అనుకున్నాను కూడా. కానీ ఆ యంత్రం రేపు మద్దికెరకు పోతుంది, ఇంకెక్కడికో పోతుంది. అక్కడ మోచెయ్యి తడిమేవాళ్లు ఎవరుంటారు?

సంచిలోంచి తువ్వాలు తీసి పరిచాను. ఆమె చెయ్యి దాని మీద పెట్టించి ఫోటో తీశాను. ఎరుపు.

ఇంజనీరమ్మాయి ముఖంలో వెలుగొచ్చింది. "వచ్చింది ఆంటీ!"

"ఆగు పాపా" అని నా చెయ్యి తువ్వాలు మీద పెట్టాను. మచ్చ లేదు, ఏమీ లేదు. ఫోన్ ఆమెకే ఇచ్చి తీయమన్నాను. ఎరుపు.

చూస్తున్న ఆడవాళ్లలో ఒకావిడ నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "అయ్యో, ఈయక్కకూ ఉండాదంటనే!"

ఇంజనీరమ్మాయి తన చెయ్యి పెట్టింది. ఎరుపు.

"పాపకు గూడా అంటించినావా అక్కా!" అని ఎవరో అరిచారు. షామియానా కింద అంతా నవ్వు. ఆ అమ్మాయి మాత్రం నవ్వలేదు. చెయ్యి తీసేసి ఒట్టి తువ్వాలును ఫోటో తీసింది. దాని మీద మనిషి లేడు, మచ్చ లేదు.

ఎరుపు.

"తువ్వాలుకు పెద్దరోగమప్పా!" అన్నాడు వెనక నుంచి ఒకాయన. మళ్లీ నవ్వులు.

"ఎవరిదీ తువ్వాలు?" అంది ఇంజనీరమ్మాయి.

"నాది" అన్నాను. ఎవరికి ఏ గుడ్డ పరిచానో, ఎందుకు పరిచానో, పెద్దమనుషులు వింటుండగానే చెప్పాను. సార్ కుర్చీలోంచి లేచి వచ్చాడు. తువ్వాలు తీసి నాలుగు మడతలు పెట్టి నా చేతికిచ్చాడు.

"అది గుడ్డలకు అంటేది కాదని ఇన్నేండ్లు ఊరూరా సెప్పుకుంటా తిరిగితిమే" అన్నాడు. "మనమే నమ్మలేదామ్మా?"

తిట్టి ఉంటే బాగుండేది.

ఇంజనీరమ్మాయి పెద్దమనుషుల వైపు తిరిగి, "ఫోటోలన్నీ నా చేతుల మీదుగానే వెళ్లాయి. రంగురంగుల గుడ్డలున్నాయి అనుకున్నానే గానీ, ఎవరికి ఏ రంగు అని చూసుకోలేదు. ఇది ఇంకా పనికిరాదు" అని చెప్పింది. కళ్లనీళ్లు కొనల దాకా వచ్చాయి గానీ కారనివ్వలేదు. పొద్దున్నుంచి నేను రాసిచ్చిన కాగితాలన్నీ ఇంటింటికీ తిరిగి వెనక్కి తీసుకున్నాను. కొందరు విసుక్కున్నారు, ఒకాయన తలుపేసుకున్నాడు.

బొబ్బ ఉన్న ఆ కోడలిని పంచాయతీ గది లోపల కూర్చోబెట్టి సార్ మళ్లీ పరీక్ష చేశాడు. జబ్బు ఉందని, నరం వాచిందని, ఇప్పుడే పట్టుకున్నాం కాబట్టి వేళ్లు నిలబడతాయని చెప్పాడు. ఆమె నా వైపు చూసి, "రాసిచ్చిన కాగితం లాక్కున్నావు కదక్కా" అని ఏడ్చింది. అత్త గుమ్మంలోనే నిలబడింది.

"అయితే నేను పళ్లెం ఏరే పెట్టింది మంచిదే అయింది" అంది.

రెండేళ్లు రెండు గుడ్డలు పరిచినదాన్ని, ఏ నోటితో చెప్పను?

"నేనూ నీ మాదిరే చేసినా వదినా" అన్నాను. "అందుకే మిషన్ సెడిపోయింది. మనిషిని సూడటం మానేసి గుడ్డను సూసింది."

"మిషన్‌కు బుద్ధి లేకుంటే నాకేమి?"

"దానికి బుద్ధి నేర్పింది నేనే కదా."

కోడలు మొదటి మోతాదు మాత్రలు మా ముందే మింగింది. మూత్రం ఎర్రగా వస్తే భయపడొద్దని, మందు మొదలయ్యాక ఇంకొకరికి అంటుకునే భయం ఉండదని సార్ అత్తకే చెప్పాడు, రెండుసార్లు. కాగు దించేటప్పుడు చేతికి గుడ్డ చుట్టుకోమని నేను చెప్పాను. తర్వాత డాక్టరమ్మ వచ్చి చూసినప్పుడు ఆ ఊళ్లోనే ఇంకొకరిలో జబ్బు బయటపడింది. యంత్రం ఆయనకూ పచ్చే చూపించింది.

ఫోటోలు మళ్లీ తీశాం. ఈసారి ఒకటే గుడ్డ. వరస మొదలవ్వకముందు అందరూ చూస్తుండగా నా చెయ్యి దాని మీద పెట్టేదాన్ని, సార్ తనది పెట్టేవాడు. లేచి వెళ్లేవాళ్లు లేచి వెళ్లారు. అలా పోయినవాళ్లలో సగం మంది సాయంత్రానికి తిరిగొచ్చారు, సగం మంది రాలేదు. ఫోటోలు తక్కువే వచ్చాయి, కాలం ఎక్కువ పట్టింది. మధ్యలో నా ఉద్యోగం ముగిసినా, అది పూర్తయ్యేదాకా వెళ్తూనే ఉన్నాను. ఇంజనీరమ్మాయి ఆ తువ్వాలు అడిగి తీసుకుపోయింది. కొత్త యంత్రం తయారైన ప్రతిసారీ ముందు ఒట్టి తువ్వాలు చూపిస్తారట. దాన్ని చూసి ఎరుపు అంటే మళ్లీ మొదటికే. ఇప్పుడు అనడం లేదని చెప్పింది. మంచిదే. అయినా మీరు ఫోన్ పక్కన పెట్టి ఒకసారి మోచెయ్యి తడమండి.

ఆ కోడలి మందులు పూర్తయిన నెలలో వాళ్ల ఇంటికి వెళ్లాను. మచ్చ మసకబారింది. చిటికెన వేలు కొంచెం వంగింది, పూర్తిగా చాపలేదు. మిగతా వేళ్లు బాగున్నాయి. నేను వెళ్లేటప్పటికి పొయ్యి ముందు కూర్చుని, చేతికి గుడ్డ చుట్టుకుని జొన్నరొట్టె తిప్పుతోంది. తినకుండా పోనివ్వనంది. అత్త గూట్లోంచి పళ్లెం తీసి ఇచ్చింది. అక్కడ అయిదారు పళ్లేలు ఒకదాని మీద ఒకటి బోర్లించి ఉన్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి.

రొట్టె పెట్టాక, అలవాటు కొద్దీ పళ్లెం అంచు కింద వేలితో తడిమాను. ఒకచోట గరుకుగా తగిలింది. వంచి చూడబోయాను.

"ఏం సూస్తాండావ్?" అంది అత్త. "ఆ సుక్క నేనే గీకేసినా. రొట్టె సల్లారిపోతాది, తిను."